యాభై అని రాసి ఉన్న పలక

పోయిన వారం మనం కాటా ముల్లు దగ్గర ఆగాం. ముల్లు ఇంకా అక్కడే ఉంది, తొంభై రెండు మీద.

ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి. రోడ్డు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. దాన్ని నిలబెట్టిన పెద్ద మేస్త్రీ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు దాన్ని నడిపేది ఆయన కూతురు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా ఆమె అందరికీ చిన్న మేస్త్రీయే. షెడ్డు మూలన పట్టా కింద ఇరవై రెండేళ్లుగా పడి ఉన్న పాత ట్రాక్టర్ని, అంటే మన ముసలమ్మని, ఆమె పంతం పట్టి లేపింది. ఆ పంతానికి కారణం మావయ్య. ముసలమ్మ ముందు యాక్సిల్ విరిగిన వారమే ఆయన ఈ షెడ్డు గడప దిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఎక్కలేదు. సొంత అక్కతో కూడా మాట్లాడలేదు. ఇప్పుడు ఆయన సోమవారం ఊరే వదిలి వెళ్లిపోతున్నాడు. ఆ లోపల అమ్మకీ ఆయనకీ మధ్య ఒక్క మాటైనా కలపాలని చిన్న మేస్త్రీ తాపత్రయం. శుక్రవారం పొద్దున బండికి బరువు పలకలు తగిలించబోయి, ఎందుకైనా మంచిదని ఒకటి తూచింది. సిమెంటులో యాభై అని స్పష్టంగా అంకె పడి ఉన్న పలక తొంభై రెండు తూగింది.

చిన్న మేస్త్రీ ముందు కాటానే అనుమానించింది. పలక దించి, సీలు తియ్యని పద్దెనిమిది కిలోల గ్రీజు డబ్బా కొక్కేనికి తగిలించింది. ముల్లు బుద్ధిగా వెళ్లి పద్దెనిమిది మీద నిలబడింది. కాటా తప్పేం లేదు. మిగిలిన పలకల్ని ఒక్కొక్కటే గొలుసు కప్పీతో ఎత్తి తూచింది. నలభై తొమ్మిది, యాభై ఒకటి, యాభై, యాభై. ఆఖరిది మళ్లీ తొంభై. ఆరింటి మీదా అంకె ఒకటే, సైజు ఒకటే, రంగు కూడా ఒకటే. అయినా అందులో రెండు పలకలు ఒక్కొక్కటీ రెండు పలకలంత బరువున్నాయి.

ఇంకో వింత కూడా ఉంది. నాలుగు పలకల బోల్టులు తుప్పు పట్టి, కిరోసిన్ పోసి అరగంట నానబెడితే గానీ కదల్లేదు. ఈ రెండింటి బోల్టులు మాత్రం పాన పెట్టగానే వచ్చేశాయి. వాటికి ఎవరో గ్రీజు రాసి బిగించారు. అదీ మరీ పాత గ్రీజు కాదు.

"ముందు ఆరు పలకలు. ఏడోది ఎక్కించావో, యాక్సిల్ ఏడుస్తుంది." నాన్న ఈ మాట ఎన్ని వేలసార్లు అన్నాడో. రైతు ఎవరైనా వచ్చి, ఇంకో రెండు తగిలించు మేస్త్రీ, చక్రాలు జారుతున్నాయి అంటే చాలు, నాన్న చేతిలో పని పక్కన పెట్టి నేల మీద సుద్దతో బొమ్మ గీసేవాడు. ముందు బరువు తక్కువైతే బండి ముక్కు పైకి లేస్తుంది, ఎక్కువైతే యాక్సిల్ విరుగుతుంది. వెనక కావాలంటే టైర్లలో నీళ్లు నింపుకో, చక్రాలకి దిమ్మలు బిగించుకో, వెనక యాక్సిల్ మోస్తుంది. ముందుది అంత మొయ్యదు. "ఎంత మొయ్యగలదో బండిని అడగాలయ్యా, నీ ఆశని కాదు," అని ముగించేవాడు. రైతు తలకాయ ఊపి, బయటికెళ్లి, ఇంకో షెడ్డులో తగిలించుకునేవాడు. అది వేరే కథ.

ఆ పలకలు పోసిన రోజులు తలుచుకుంటే చిన్న మేస్త్రీకి ఇప్పటికీ ముక్కుకి తడి సిమెంటు వాసన తగులుతుంది. కంపెనీ ఇనుప దిమ్మలు కొనే స్తోమత ఎవరికుంది? నాన్న పెరట్లో పాత రేకుతో అచ్చు తయారుచేశాడు. అమ్మ ఇసుక జల్లించేది. నాన్న కలిపేవాడు. మావయ్య లేత్ ఆపేసి వచ్చి, అచ్చు అడుగున యాభై అని అంకె చెక్కాడు. చెక్కడం బ్రహ్మాండంగా చెక్కాడు, కాకపోతే తిన్నగా చెక్కాడు. మొదటి పలక ఎండాక తిరగేస్తే అంకెలు అద్దంలో చూసినట్టు ఉన్నాయి. "ఏరా, దీన్ని తూచాలంటే పక్కన అద్దం పెట్టుకోవాలేంట్రా?" అని నాన్న, "ఆ ఒక్కటీ నీకు తగిలిస్తా బావా, ముందు పోయేవాడు అద్దంలో చదువుకుంటాడు" అని మావయ్య. అమ్మ నవ్వలేక జల్లెడ పక్కన కూలబడిపోయింది. ఆ తిరగేసిన పలక ఇంకా ఉంది. అదిగో, నలభై తొమ్మిది తూగింది అదే.

అప్పుడు షెడ్డంటే చప్పుళ్ల ఇల్లు. ఒక మూల నాన్న సుత్తి, ఇంకో మూల గదిలో మావయ్య లేత్. లేత్ తిరుగుతుంటే ఇనుము చుట్టలు చుట్టలుగా రాలేది, నీలంగా, వేడిగా. చల్లారాక వాటిని వేళ్లకి ఉంగరాల్లా పెట్టుకుని తిరిగేది ఈమె. మావయ్య కుడి చేత్తో లేత్ పిడి తిప్పడం చూడాలి. జుట్టు మందం తేడా కూడా ఆయన మణికట్టుకి తెలిసేది. ఆ చేయి మీదే షెడ్డు సగం బతికింది. మిగతా సగం నాన్న నోటి మీద.

తర్వాత ఆ శనివారం. పొలం నుంచి వచ్చిన మావయ్య ముసలమ్మ మీంచి దిగుతూనే, "బావా, వారం నుంచీ చూస్తున్నా, స్టీరింగ్ బరువెక్కింది" అన్నాడు. నాన్న యాక్సిల్ చూడలేదు. పలకలు లెక్కపెట్టాడు. ఆరు ఉన్నాయి. "బరువెక్కింది స్టీరింగ్ కాదురా, నీ పొట్ట" అన్నాడు. అందరూ నవ్వారు. పదహారేళ్ల ఈ పిల్లా నవ్వింది.

మంగళవారం కాలవ గట్టు మీద చిన్న గుంటలో చక్రం పడితే ముందు యాక్సిల్ విరిగింది. స్టీరింగ్ గిర్రున తిరిగి మావయ్య కుడి మణికట్టుని విరిచేసింది. ఎముక అతికింది గానీ, చెయ్యి మళ్లీ తిరగలేదు. నాన్న పరామర్శకి వెళ్లి రెండు మాటలు అడిగాడు. ఎంత వేగంగా తోలావు, దగ్గరి దారి ఉండగా గట్టు దారి ఎందుకెక్కావు? మొదటిదానికి మావయ్య, "నెమ్మదిగానే తోలాను, నీ లెక్కే తప్పు" అన్నాడు. రెండోదానికి జవాబే చెప్పలేదు. "ఆరు పలకలు నేనే లెక్కపెట్టాను, తప్పు నీ చేతిదే" అన్నాడు నాన్న. అంతే. లేత్ గదికి తాళం పడింది. ఆ తాళంచెవి గోడకి మేకున వేలాడుతూనే ఉంది, కానీ నాన్న ఉండగా ఎవరూ తియ్యలేదు, ఆయన పోయాక ఎవరికీ తియ్యబుద్ధి కాలేదు. మావయ్య రోడ్డు మలుపు అవతల, లారీలు తూచే వే బ్రిడ్జి మీద కాటా రాసుకునే పనిలో చేరాడు, ఎడమ చేత్తో.

చిన్న మేస్త్రీ ఉలి తీసుకుని, తొంభై రెండు తూగిన పలక మూలన సుత్తితో నాలుగు దెబ్బలు వేసింది. సిమెంటు పెచ్చు ఊడింది. లోపల కంకర లేదు. బోల్టు తల, గేరు పన్ను, సగం బేరింగు. ఇంకో రెండు దెబ్బలకి ఒక చక్రపు అంచు బయటపడింది. పోత ఇనుము, అంచంతా చిన్న చిన్న పూరేకుల డిజైను. దాన్ని చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ చక్రాన్ని చిన్నప్పుడు ఈ చేతులే కింద పడేసి విరగ్గొట్టాయి.

"ఏమే, టీ చల్లారిపోతోంది. ఆ రాయితో ఏం కబుర్లే ఇంతసేపు?" అంటూ అమ్మ వచ్చింది. చేతిలో గ్లాసు, నడుముకి తాళాల గుత్తి. ఆ గుత్తిలో ఏ తాళానికీ పట్టని చిన్న కొత్త తాళంచెవి ఒకటుంది. నాన్న పోయాక ఆయన చొక్కా జేబులో దొరికింది. ఇంట్లో ఉన్న పెట్టెలన్నిటికీ పెట్టి చూసి, పట్టకపోయినా పారేయలేక అమ్మ దాన్ని గుత్తికే ఉంచేసుకుంది.

"అమ్మా, నీ కుట్టుమిషన్ పాత చక్రం ఏమైంది?"

"ఏ చక్రం?"

"నేను విరగ్గొడితే, మావయ్య లేత్ మీద కొత్తది తిప్పి ఇచ్చాడే. ఆ పాతది."

అమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది. వంగి పలకని చూసింది. తర్వాత ఖాళీ డ్రమ్ము ఒకటి బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఆమె కూర్చున్న తీరు చూస్తేనే తెలిసిపోయింది, ఈ రోజు ఎప్పటికైనా వస్తుందని ఆమెకి తెలుసని.

"దొరికిందా," అంది.

"నువ్వా పోసింది?"

"నేనే. గొలుసు జారి రెండు పలకలు పగిలిపోయాయి. మర్నాడే మీ నాన్న, మావయ్య ఇద్దరూ ఏదో ఇంజను విప్పడానికి వెళ్లి మూడు రోజులు రాలేదు. దుక్కుల కాలం నెత్తి మీదికొచ్చింది. కంకర తెప్పించండీ అని అంతకు నెల ముందే చెప్పా. చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అంటే ఎన్నాళ్లో నీకు తెలియనిదా?"

"అందుకని?"

"తుక్కు డ్రమ్ము వంచేశా. బోల్టులు, అరిగిన గేర్లు, నా చక్రం, అన్నీ. రాయైతేనేం, ఇనుమైతేనేం, సిమెంటు పట్టుకోడానికి ఏదో ఒకటి కావాలి గదా అనుకున్నా. ఇంకా గట్టిగా ఉంటాయిలే అని సంబరపడ్డా కూడా."

"బరువు సంగతి తట్టలేదా అమ్మా?"

"అచ్చులోనే యాభై అని ఉంటే ఏం తడుతుందే? అందులోంచి ఊడిందల్లా యాభయ్యే అనుకున్నా. మీ నాన్నా అంతే, మీ మావయ్యా అంతే. మేం ఎప్పుడైనా పలకల్ని తూచామా? లెక్కపెట్టాం, అంతే. ఎత్తేది గొలుసాయె. చేత్తో ఎత్తుంటే ఎవడో ఒకడికి నడుం పట్టేసి తెలిసేది." అమ్మ పలక నున్నటి పైభాగాన్ని చూపించింది. "మీ నాన్న వచ్చి చూసి, నా పెళ్లాం పోసిన పలకకి ఒక్క చిల్లు లేదు చూడండ్రా అని అందరికీ చూపించాడు. ఆ మురిపెంలో లోపల ఏం పోశానో చెప్పనే లేదు."

చిన్న మేస్త్రీ మనసులో కూడిక దానంతటదే జరిగిపోయింది. మూడొందలు ఉండాల్సిన చోట మూడొందల ఎనభై రెండు. అదీ యాక్సిల్‌కి అంత ముందుగా వేలాడుతూ, వారం పాటు, పొలం గట్ల మీద.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది. జవాబు ఈ పొద్దునే అయితే బాగుండునని ఆశపడుతూ అడిగింది.

"వాడు వెళ్లిపోయిన నాలుగో రోజు. మీ నాన్న ఏదో ముక్క వెతుక్కుంటూ, తుక్కు డ్రమ్ము ఖాళీగా ఉందేంటే అన్నాడు. పలకల్లో పోసేశానండీ అన్నా. నవ్వుతూనే అన్నానే. ఆయన మొహం చూశాక నాకర్థమైంది."

"నాన్నకి తెలుసా?"

"ఇదిగో, ఇలాగే ఓ డ్రమ్ము మీద కూర్చుండిపోయాడు. నేను ఇప్పుడే వెళ్లి తమ్ముడితో చెప్తానన్నా. వద్దు, ఆ మాట అన్నది నేను, నేనే వెళ్లి దించుకుంటా, నువ్వు మాత్రం చెప్పకు అని ఒట్టు వేయించుకున్నాడు. లేచెళ్లి పట్టా తెచ్చి ముసలమ్మకి కప్పేశాడు. రేపు వెళ్తానన్నాడు."

"ఆ రేపు..."

"పందొమ్మిదేళ్లు." అమ్మ చేతులు చూసుకుంది. "నన్ను కాపాడదామనో, తన మాట కాపాడుకుందామనో, నాకిప్పటికీ తెలీదు."

ఊరంతా ఏమనుకుంది? పెద్ద మేస్త్రీకి బామ్మర్ది మీద కోపం, అందుకే ఆ బండిని ముట్టుకోడు అనుకుంది. కూతురూ అదే అనుకుంది. ఆ పట్టా కింద ఉన్నది కోపం కాదని, సిగ్గని ఇప్పుడు తెలిసింది. నాన్న మీద జాలి కలిగింది, దాని వెనకే ఒళ్లు మండింది.

"నాన్న పోయి కూడా మూడేళ్లయిందమ్మా! ఒట్టు వేయించుకున్న మనిషే లేడు. మావయ్య చెయ్యి పోయింది, పని పోయింది. పైగా తప్పు తనదేనన్న నింద మోసుకు తిరిగాడు ఇన్నేళ్లూ. నువ్వు ఆ మలుపు దాకా వెళ్లి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఒట్టు సాకే," అంది అమ్మ. ఆ మాట అనడానికి ఆమె తల దించుకోలేదు. "భయమే తల్లీ. నాకున్నది ఒక్కడే తమ్ముడు. కోపంగా ఉన్నా కనపడేంత దూరంలో ఉన్నాడులే అనుకున్నా. చెప్పేస్తే అదీ ఉండదేమోనని." లేచి నిలబడి, చల్లారిన టీ నేల మీద ఒంపేసింది. "బండి తియ్యి. వాడి కాటా మీదే తూగుదాం."

నాలుగు పలకలు ముందు తగిలించింది చిన్న మేస్త్రీ. బరువైన రెండూ వెనక లిఫ్టు చేతులకి అడ్డంగా ఉన్న కడ్డీకి బిగించింది. నాన్న బొమ్మ గీసి చెప్పినట్టే. అమ్మ మడ్‌గార్డు మీద కూర్చుని, "నెమ్మదిగా పోనీ, ఈ వయసులో నన్ను కింద పడేస్తే మళ్లీ పోసేవాళ్లు లేరు" అంది. ముసలమ్మ డుబుడుబుమంటూ రోడ్డెక్కింది.

ఆ చప్పుడు మావయ్య గుర్తుపట్టడా! మలుపు తిరగకముందే ఆయన కాటా గది బయట, రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. వీళ్లు కనపడగానే లోపలికి వెళ్లిపోయి, కిటికీ వెనక కూర్చుని, దారంతో కట్టిన కళ్లజోడు సవరించుకుని, వచ్చే పోయే లారీవాళ్లని చూసే చూపు పెట్టాడు. గది గోడ వారగా తాడుతో కట్టిన రెండు అట్టపెట్టెలు అప్పటికే ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయి.

"ఇంకో అడుగు ముందుకి. చాలు. ఇంజన్ కట్టెయ్. దిగు."

చిన్న మేస్త్రీ దిగింది. అమ్మ దిగలేదు. కిటికీ పైన ఎర్రంకెలు వెలిగాయి. రెండువేల మూడొందలు.

"మనిషి దిగాలి," అన్నాడు మావయ్య, చీటీల కట్ట వైపు చూస్తూ. "మనిషి బరువు లెక్కలోకి రాకూడదు."

"ఇరవై రెండేళ్లకి అక్కతో అనే మాట ఇదేనా?"

ఆయన కలం మూత తీశాడు. అమ్మ మెల్లగా దిగింది. అంకెలు తగ్గి రెండువేల రెండొందల నలభై దగ్గర ఆగాయి. మావయ్య చీటీ రాయబోయి కలం ఆపాడు. ముందుకి చూసి పలకలు లెక్కపెట్టాడు, వెనక్కి చూసి లెక్కపెట్టాడు. పెదాలు కదిలాయి. ముసలమ్మ ఖాళీ బరువు పద్దెనిమిది వందల అరవై అని ఆయనకి కంఠతా వచ్చు. ఆరు పలకలు మూడొందలు.

"ఇరవై ఒకటి అరవై కదా రావాలి," అన్నాడు తనలో తను. తర్వాత మేనకోడలితో, "డీజిల్ ఎంతుంది?"

"అడుగునే ఉంది మావయ్యా."

"టైర్లలో నీళ్లా?"

"లేదు, గాలే."

"మరి ఎనభై ఎక్కువొస్తోందేంటి?"

"ఆ ఎనభై నాదిరా," అంది అమ్మ.

కిటికీ చువ్వలు పట్టుకుని చెప్పేసింది. డ్రమ్ము, కంకర, చక్రం, ఒట్టు, భయం. ఒక్కటీ దాచుకోలేదు, ఒక్కటీ తేలిక చెయ్యలేదు. వెనక లారీవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. చిన్న మేస్త్రీ తిరిగి ఒక చూపు చూస్తే మూడోది కొట్టలేదు. "నీ చేతిది తప్పు కాదురా తమ్ముడూ. ఏ రోజూ కాదు," అని అమ్మ ముగించింది. ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఆయన జాలిపడతాడని, అది తనకి దక్కకూడదని గట్టిగా నిలబడింది.

మావయ్య బయటికొచ్చాడు. పెచ్చు ఊడిన పలక దగ్గర వంగి, ఎడమ చేత్తో ఆ పూరేకుల అంచు తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"నేను తిప్పిచ్చిన చక్రం ఇంకా తిరుగుతోందా?"

"రోజూ తిరుగుతోంది."

ఆయన తల ఎత్తి మేనకోడలిని చూశాడు. "అమ్మాయ్, నువ్వా రోజు అక్కడే ఉన్నావు. స్టీరింగ్ బరువెక్కిందని చెప్పానా, లేదా?"

"చెప్పావు మావయ్యా. మేం నవ్వాం. నేనూ నవ్వాను."

"చెప్పాను గదా," అన్నాడాయన. "చెప్పాను." ఆ మాట ఇంకెవరి నోటి నుంచైనా వినడానికి ఇరవై రెండేళ్లు కాచుకున్న మనిషి కళ్లజోడు తీసి, తుడుచుకోవాల్సింది అద్దాలేనన్నట్టు చొక్కాతో తుడుచుకున్నాడు.

ఉన్నట్టుండి ఆయన ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. మళ్లీ పలకలు చూశాడు. "ఈ రెండూ కలిపి ఎంత?"

"నూట ఎనభై రెండు."

మావయ్య గబగబా లోపలికి వెళ్లి, అట్టపెట్టె తాడు పళ్లతో లాగి విప్పి, అడుగు నుంచి ఒక చీటీ తీశాడు. పసుపు పచ్చబడిన తూకం చీటీ. మూడేళ్ల కిందటి తారీఖు. సరుకు బరువు నూట ఎనభై.

"పోవడానికి నెల ముందు బావ వచ్చాడు. చిన్న ట్రక్కులో, పైన పట్టా కప్పి ఉంది. ఏంటని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. తూకం వేశా. చీటీ ఇస్తే, దాని వెనకాల ఏదో రాసి మళ్లీ నాకే ఇచ్చాడు."

చిన్న మేస్త్రీకి గ్రీజు రాసిన బోల్టులు గుర్తొచ్చాయి. నాన్న విప్పి తూకానికి తెచ్చి, మళ్లీ బిగించింది ఈ రెండింటినే. "ఏం రాశాడు మావయ్యా?"

"చదవలేదు." ఆయన చీటీ అంచు బొటనవేలితో రుద్దాడు. "చదివితే కోపం పోతుందేమోనని చదవలేదు. చెయ్యి పోయాక నాకు మిగిలింది అదొక్కటే మరి. పారేయనూ లేదు. నువ్వు చదువు."

చిన్న మేస్త్రీ చీటీ తిప్పింది. నాన్న రాతే, కొంచెం వణికింది. పైకి చదివింది.

"స్టీరింగ్ బరువెక్కిన మాట నిజమే. లేత్ గదికి కొత్త తాళం వేశాను. చెవి నీకిస్తున్నాను."

అమ్మ చెయ్యి తన నడుము దగ్గరికి వెళ్లింది.

"చెవి ఇవ్వలేదే," అన్నాడు మావయ్య అయోమయంగా. తర్వాత ఆయన మొహం మారిపోయింది. "కిటికీలోంచి పిడికిలి చాచాడు. తూకం డబ్బులు అనుకున్నా. మీ దగ్గర నాకేం అక్కర్లేదు పొండి అన్నా. అలాగే కాసేపు చాచి ఉంచాడు. పిడికిలి మూసుకునే వెళ్లిపోయాడు."

అమ్మ గుత్తిలోంచి ఆ చిన్న కొత్త తాళంచెవి తీసింది. గోళ్లు విరిగేలా లాగితే గానీ ఊడలేదు. ఏ తాళానికీ పట్టని ఆ చెవిని తమ్ముడి కుడి అరచేతిలో పెట్టి, తిరగని ఆ వేళ్లని ఒక్కొక్కటే తనే ముడిచింది. ఇప్పుడు మాత్రం ఏడ్చింది.

"ఇంటికి రారా," అంది.

చిన్న మేస్త్రీ కోరుకున్నది ఒక్క మాట. అది వచ్చేసింది. ఇక ఆయన ఊఁ అనడమే మిగిలింది. మావయ్య మూసిన తన పిడికిలినే చూస్తున్నాడు.

"నీ ఎనభై నువ్వు దించుకున్నావక్కా," అన్నాడు చివరికి. "నాది దించకుండా ఆ గది తాళం నేను తియ్యలేను. గట్టు దారి ఎందుకెక్కావని బావ అడిగాడు, గుర్తుందా? నేను నోరు విప్పలేదు."

"ఇప్పుడు అదెందుకురా?"

"ఎందుకంటే ఆ రోజు ముసలమ్మ మీద నేనొక్కణ్నే లేను."